మేస్త్రిని బావను చేశాను

నలభై ఏళ్ళకు పైగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. దాని పక్కనుంచే అన్నం తిన్నాను. పాఠాలు చెప్పాను. నలుగురిలో నవ్వాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

ముందే ఒక సంగతి. చదివి జాలిపడకండి. పాపం చిన్న వయసు, తెలియక చేసింది అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. తెలిసే చేశాను. ఇది రాస్తుంటే నా కళ్ళలో నీళ్ళు లేవు, కోపం ఉంది. ఎవరి మీద? ఆ గోడౌన్ మేస్త్రి మీద, ఆ షావుకారు మీద. వాళ్ళిద్దరూ పోయి చాలా కాలమైంది. మిగిలింది నేను. అందుకని వాళ్ళ మీది కోపం కూడా నా మీదికే తిరుగుతుంది. తిరగనీ.

ఒక పాట సంగతి ఇది.

పోయిన పెళ్ళిళ్ళ కాలంలో మదనపల్లిలో ఏ కల్యాణమండపం ముందునుంచి నడిచినా ఆ పాటే. టమాటా మార్కెట్టు దగ్గర ఆగిన లారీలో అదే. బస్సులో పక్కసీటు పిల్ల ఫోనులో అదే.

టక్కు టక్కు కట్టె కొట్టు, టక్కున గింజ రాల్తాది
సేయి సాపిన బావయ్యా, సిగ్గు యాడ రాల్తాది

పెళ్ళికూతురి స్నేహితురాళ్ళు నడుములు తిప్పుతూ ఆడతారు. బావ వరసైన కుర్రాళ్ళు చేతులు చాపుకుంటూ ఎగురుతారు. ఒక పెళ్ళిలో నా చెల్లెలి మనవరాలు నన్ను కూడా మధ్యలోకి లాగింది. "మా అవ్వ పాటే ఇది" అని అందరికీ చెప్పింది. చప్పట్లు కొట్టారు. నేను నవ్వాను. ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా కూలబడ్డాను.

ఆ పాట నాది కాదు. ఆ పాటలో బావ లేడు.

మాది పుంగనూరు. మా అమ్మ చింతపండు గోడౌన్లో పనిచేసేది. పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం నేనూ అమ్మ వెంట పోయాను. గోనెసంచుల మీద వరసగా కూర్చుని, చింతకాయను రాతి మీద పెట్టి కట్టెతో కొట్టాలి. గింజ ఎగిరిపడుతుంది. ఈనె లాగేసి పండు గంపలో వెయ్యాలి. పులుపుకి వేళ్ళ సందులు చీలిపోయి, అన్నంలో చెయ్యి పెడితే ప్రాణం పోయినంత పనయ్యేది. అది కష్టమే. కానీ పాట పుట్టింది ఆ కష్టం గురించి కాదు. గేటు గురించి.

పని అయ్యాక ఒక్కొక్కరే గేటు దాటాలి. అక్కడ మేస్త్రి చెంగల్రాయుడు నిలబడేవాడు. కొంగుల్లో చింతపండు దాచుకుపోతున్నారేమో చూడమని షావుకారు వాణ్ణి పెట్టాడు. వాడు చూసేది కళ్ళతో కాదు. ముసలివాళ్ళను ఊరికే పొమ్మనేవాడు. వయసు పిల్లల దగ్గరే వాడికి అనుమానాలు. నడుం తడిమేవాడు. పైట సర్దమనేవాడు. సర్దాక మళ్ళీ తడిమేవాడు. మొదటిరోజు మా అమ్మ నాకు నేర్పిన జాగ్రత్త ఒకటే: "ఊపిరి బిగబట్టి నిలబడు పాపా, అయిపోతాది."

అంతమంది ఆడవాళ్ళు అన్నేళ్ళు ఊపిరి బిగబట్టే ఇంటికి పోయారు. తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను.

ఊపిరి బిగబట్టనిది ఒక్క జైనబీ. నాకన్నా కొంచెం పెద్దది. వాళ్ళ నాయన పరుపులు కుట్టేవాడు. ఇంట్లో వాళ్ళ ఉర్దూ, బయట మా తెలుగు. బడి మొహం చూడలేదు. గోడౌన్లో నా పక్కనే కూర్చునేది, తను తెచ్చుకున్న రొట్టెలో సగం నాకు పెట్టేది. నాకు స్నేహితురాలంటే అదే. ఒకరోజు అందరి కట్టెలూ ఒకే చప్పుడు మీద పడుతున్నప్పుడు, తల ఎత్తకుండానే పాట అందుకుంది.

టక్కు టక్కు కట్టె కొట్టు, టక్కున గింజ రాల్తాది
సేయి సాపిన మేస్త్రిరాయా, సిగ్గు యాడ రాల్తాది
కొంగులోన ఏముందనప్పా, తడిమి సూసేకొస్తివా
మీ యమ్మ కట్టే కొంగేనప్పా, మరిసిపోయి వస్తివా

ఒక్క క్షణం కట్టెలు ఆగిపోయాయి. తర్వాత ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత గోడౌను గోడౌనంతా నవ్వింది. ఆ సాయంత్రం గేటు దగ్గర మేస్త్రి ఒక పిల్ల నడుం మీదికి చెయ్యి పోనిచ్చాడు. వరసలో వెనకనుంచి ఎవరో మెల్లగా అందుకున్నారు, కొంగులోన ఏముందనప్పా అని. పక్కనున్న మనిషి కలిసింది. దాని వెనక మనిషి కలిసింది. మీ యమ్మ కట్టే కొంగేనప్పా అనేసరికి వరస మొత్తం పాడుతోంది. వాడి చెయ్యి వెనక్కి పోయింది. నేను కళ్ళారా చూశాను. ఆ తర్వాత కొన్ని వారాలు వాడు గేటు దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మేము పాడుకుంటూ ఇళ్ళకు పోయాం.

అలాంటి పాటను నేను ఏం చేశానో ఇప్పుడు వినండి.

ఒక మధ్యాహ్నం షావుకారు నన్ను పిలిపించాడు. గోడౌను పక్కన ఆయన కూర్చునే చిన్న గది. ఫ్యాను కింద కూర్చుని నవ్వుతూ మాట్లాడాడు. ఆ మాటలు ఒక్కటి కూడా నేను మరిచిపోలేదు.

"పది రాసినావంట గదా పాపా."

"అవును సామీ."

"ఇంటర్ సదవాలంటే మదనపల్లికి పోవాల. ఆడ హాస్టల్లో నాకు తెలిసినోళ్ళు ఉండారు. నేను ఒక మాట సెప్తే సీటు ఇస్తారు."

నేను తల ఊపాను.

"ఆ పాట ఎవురు కట్టినారు పాపా?"

నేను నేలచూపులు చూశాను.

"సదువుకునేదానివి నువ్వే కట్టినావేమోనని మేస్త్రి అంటాండాడు."

"నేను కాదు సామీ. జైనబీ."

"ఆ పిల్ల కొంగులో పండు దాస్తాదంట గదా. నువ్వు సూసినావా?"

ఇక్కడ ఆగండి. నేను నలభై ఏళ్ళుగా ఇక్కడే ఆగి ఉన్నాను. లేదు సామీ అని అనుంటే సరిపోయేది. తెల్దు సామీ అన్నా సరిపోయేది. పేరు చెప్పింది భయంతో అనుకుందాం. మరి ఈ రెండో ప్రశ్నకి భయమెక్కడిది? ఎవరు నా మెడ మీద కత్తి పెట్టారు?

"సూసినా సామీ" అన్నాను.

అబద్ధం. జైనబీ తన పక్కన పడిన పండు తునక కూడా ఏరి గంపలో వేసే పిల్ల.

ఎందుకు చెప్పాను? చాలా ఏళ్ళు హాస్టల్ సీటు కోసమని నాకు నేనే చెప్పుకున్నాను. బీదపిల్ల, చదువు మీద ఆశ. ఎంత బాగుంది ఆ కథ! మొగుడికి కూడా చెప్పుకోని ఆ తప్పుకి లోపల్లోపల ఎంత మంచి చీర కట్టి కూర్చోబెట్టాను! కానీ అది నిజం కాదు. సీటు ఒక సాకు. నిజం ఇంకా నీచమైనది. గోడౌన్లో పదో తరగతి దాకా చదివింది నేనొక్కదాన్నే. ఉత్తరం రాయించుకోవాలన్నా చదివించుకోవాలన్నా అందరూ నా దగ్గరికే వచ్చేవాళ్ళు. పాట పుట్టినప్పటినుంచి జైనబీ చుట్టూ చేరారు. ఒక్క అక్షరం రాని పిల్ల నోట్లోంచి అంత మాట ఎలా వచ్చింది? నాకెందుకు రాలేదు? పాడుతున్నప్పుడల్లా నాకు లోపల మండేది. పాడుతూనే మండేదాన్ని. అసూయ. అంతే. ఆ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మరుసటి సాయంత్రం మేస్త్రి జైనబీని గేటు దగ్గర ఆపాడు. దాచడం చూసినవాళ్ళున్నారంటూ షావుకారు కూడా వచ్చి నిలబడ్డాడు. మేస్త్రి ఆమె నడుం దగ్గర చెయ్యి పెట్టి లాగి, పిడికిలి విప్పి చూపించాడు. పిడికిట్లో చింతపండు. అది వాడి పిడికిట్లో ముందునుంచే ఉందని మాకందరికీ తెలుసు. వరసలో ఒక్కరు నోరు విప్పలేదు. మళ్ళీ అందరూ ఊపిరి బిగబట్టారు. జైనబీ వెనక్కి తిరిగి మా వైపు చూసింది. మేము పాడతామని ఎదురుచూసింది. నేను మొదలుపెట్టి ఉంటే పాడేవాళ్ళు. ఎవరు మొదలుపెట్టినా పాడేవాళ్ళు.

దొంగ అన్నారు. పనిలోంచి తీసేశారు. మర్నాడు వాళ్ళ నాయన వచ్చి షావుకారు ముందు తలవంచుకు నిలబడ్డాడు. ఆ మనిషి ఏ పాపం చేశాడని?

అక్కడితో కూడా నా పాపం నిండలేదు. సామాను తీసుకోవడానికి వచ్చినప్పుడు జైనబీ అందరి ముందూ నన్నే అడిగింది: "ఎవురు మే సెప్పింది?"

నేను నోటితో ఏమీ చెప్పలేదు. కళ్ళతో చెప్పాను. వరస చివర కూర్చున్న గంగులమ్మ వైపు చూశాను.

గంగులమ్మ పొద్దున పూట షావుకారు ఇంట్లో అంట్లు తోమేది, తర్వాత గోడౌనుకు వచ్చేది. మొగుడు లేడు, ఒక కూతురు. షావుకారు ఇంటికి పోయే మనిషి కాబట్టి నా చూపు చాలింది. ఎవరూ రెండోసారి అడగలేదు. జైనబీ పోయి ఆమె ముందు నేలమీద ఉమ్మేసి వెళ్ళిపోయింది. ఆ వారమే వాళ్ళ కుటుంబం ఊరొదిలిపెట్టి కుప్పం పోయింది.

ఆ రోజునుంచి గంగులమ్మ పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆమె ముంచిన కుండలో నీళ్ళు తాగలేదు. చాడీలు చెప్పేదని సాడీల గంగులమ్మ అని పేరు పెట్టారు. వీధిలో పిల్లలు కూడా అదే పేరుతో పిలిచేవాళ్ళు. ఒకరోజు బోరింగు దగ్గర ఆమె నన్ను ఒంటరిగా పట్టుకుంది. "నువ్వు సదువుకున్న పిల్లవి. నేను సెప్పలేదని నువ్వన్నా సెప్పు పాపా, నీ మాట ఇంటారు" అంది. నా మీద ఆమెకు అనుమానం లేదు. నమ్మకముంది. అదీ ఘోరం. "నాకేం తెలుసు గంగులమ్మా" అని బిందె ఎత్తుకుని వచ్చేశాను.

హాస్టల్లో సీటు వచ్చింది. చదివాను. తెలుగు టీచరునయ్యాను. నిజాయితీ గురించి పిల్లలకు పాఠాలు చెప్పాను, పరీక్షల్లో వ్యాసాలు రాయించాను. నవ్వండి, పర్వాలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో స్కూలు వార్షికోత్సవానికి పిల్లలతో ఒక జానపదం ఆడించమన్నారు. నాకు వేరే పాట గుర్తుకురాలేదు. ఎన్ని పాటలు లేవు ఈ సీమలో? అదే ఎందుకు వచ్చింది? మేస్త్రిరాయా అని పాడిస్తే ఎవరా మేస్త్రి అని అడుగుతారు. గేటు గురించి చెప్పాల్సి వస్తుంది. అందుకని మేస్త్రిని తీసేసి బావయ్యను పెట్టాను. కొంగు చరణం పూర్తిగా కోసేశాను. దాని బదులు మల్లెపూలూ మరదలూ వచ్చే నాలుగు ముక్కలు అతికించాను. హెడ్మాస్టరు మెచ్చుకున్నాడు. ఏటేటా ఆడించాను. ఆడవాళ్ళ నడుం మీద పడిన చేతిని వెనక్కి పంపిన పాటను, ఆ చేతినే ముద్దుగా రమ్మని పిలిచే పాటగా మార్చాను. జైనబీని దొంగను చేసింది ఒకసారి. ఆ పాటను ప్రతి ఏడూ మళ్ళీ మళ్ళీ చంపాను.

రిటైరయ్యాక శిరీష వచ్చింది. మదనపల్లిలో డిగ్రీ చదివే పిల్ల. ఊరు కుప్పం పక్క. నలుగురైదుగురు ఆడపిల్లలు కలిసి పాత పాటలు వెతికి, కొత్తగా వాయిద్యాలు కట్టి పాడుతున్నారు. మంచి గొంతు, మంచి కళ. "మా అమ్మోళ్ళ కాలం పాటలు మా వయసోళ్ళు పాడాల మేడమ్" అంది. నేను నా పాత విద్యార్థులకు నేర్పినదే నేర్పాను, బావయ్యతో సహా. వాళ్ళు దానికి డప్పు కలిపారు, గిటారు కలిపారు. వీడియో తీసి పెట్టారు. మిగతాది మీకు తెలుసు, ఎక్కడ చూసినా అదే. వీడియో కింద సేకరణ అని నా పేరు వేశారు. సేకరణ! దొంగతనానికి చదువుకున్నవాళ్ళు పెట్టే పేరు అది. నేను దాన్ని తీసెయ్యమనలేదు. చూసుకుని మురిసిపోయాను కూడా. అబద్ధమెందుకు?

కుప్పంలో వాళ్ళ కార్యక్రమం పెట్టారు. నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. పాత పాటకు ప్రాణం పోసిన అమ్మ అని ఎవరో మైకులో అన్నారు. కిందికి దిగి హాలు బయటికి వస్తుంటే, మెట్ల దగ్గర తెల్లటి దుపట్టా కప్పుకున్న ఒక మనిషి నిలబడి ఉంది. జుట్టు పండింది. నేను పోల్చుకోకముందే ఆమె పోల్చుకుంది.

"నువ్వేనా మే?"

జైనబీ. నా రెండు చేతులూ పట్టుకుంది. "నేనే మరిసిపోయినా ఆ పాటని. నువ్వు మరిసిపోలేదే!" అంది. శిరీష నా పక్కనే ఉంది. జైనబీ ఆ పిల్ల వైపు చూసి, మళ్ళీ నా వైపు తిరిగి, నవ్వుతూనే అడిగింది.

"ఒగటి సెప్పు. మేస్త్రి బావ ఎప్పుడైనాడు?"

నోరు నవ్వుతోంది, కళ్ళు నవ్వడం లేదు. ఆమే మాట మార్చింది. "ఆ సాడీల గంగులమ్మ సచ్చిపోయిందంటనే. పుంగనూరోళ్ళు ఎవురో సెప్పినారు. దినామూ దాన్ని తిట్టుకున్నా మే. నమాజు సేసి లేసినాక కూడా తిట్టుకున్నా, అల్లా తప్పు పట్టినా పట్టనీ అని."

స్టేషన్ వీధిలో గాజుల అంగడి పెట్టుకున్నానని, రమ్మని చెప్పి వెళ్ళిపోయింది. అప్పుడు శిరీష అడిగింది, మేస్త్రి ఎవరని. పక్కకు కూర్చోబెట్టి గేటు సంగతి, కొంగు చరణం సంగతి చెప్పాను. ఎవరు పేరు చెప్పారన్నది మాత్రం అప్పటికీ చెప్పలేదు. ఆ పిల్ల మొహం ఎర్రబడింది.

"మా అక్క బట్టలు కుట్టే కంపెనీకి పోతాది మేడమ్. ఆడ గేటుకాడ ఇప్పటికీ తడుముతారు. ఇంటికొచ్చి ఏడుస్తాది. ఆ పాట మాకు కావాల్సింది. మీరు బావ పాట నేర్పినారు. మా అక్క పెండ్లిలో మేమంతా దానికి ఎగిరినాం. యాల సేసినారు మేడమ్ ఇట్ల?"

నా ముందు నిలబడి ఆ పిల్ల అలా అరుస్తుంటే నాకు కోపం వచ్చింది. ఆ పిల్ల మీద! ఎంత ధైర్యం నాతో అలా మాట్లాడడానికి అని. చూశారా నా బుద్ధి? అంత జరిగాక కూడా నా మొదటి కోపం నిజం అడిగినదాని మీదే. ఆ క్షణం నన్ను చూసి నాకే అసహ్యమేసింది. ఆ అసహ్యమే మరునాడు పొద్దున నన్ను గాజుల అంగడికి నడిపించింది.

జైనబీ ఒక కొత్త పెళ్ళికూతురికి గాజులు తొడుగుతోంది. ఆ పిల్ల వెళ్ళేదాకా ఆగాను. స్టూలు వేసి కూర్చోమంది, టీ తెప్పిస్తానంది. వద్దన్నాను. నిలబడే చెప్పాను. షావుకారు గది, అతడు అడిగింది, నేను చెప్పింది, గంగులమ్మ వైపు చూసిన చూపు. ఒక్కటి కూడా దాచలేదు. అసూయ అన్న మాట కూడా చెప్పాను.

ఆమె గాజులు సర్దుతూనే ఉంది. ఎర్రవి ఒక పక్క, పచ్చవి ఒక పక్క. తల ఎత్తకుండానే అడిగింది.

"గంగులమ్మకి పిల్లోళ్ళు ఉండారా?"

"ఒక కూతురు. పెద్దపంజాణి పక్కన ఇచ్చినారు."

"ఆమెకి సెప్పినావా?"

"లేదు."

"మళ్ళ నాకాడికి యాల వచ్చినావు?"

ఎర్రవాటిలో కలిసిన ఒక పచ్చగాజును ఏరి పక్కన పెట్టింది.

"నన్ను దొంగన్నారు. మేము ఊరు మారినాం. ఈడ ఎవురికీ తెల్దు. నా పిల్లోళ్ళకీ తెల్దు. ఆమె యాడికి పోతాది? ఆడే ఉండె, ఆ పేరు మోసుకుని." ఇప్పుడు తల ఎత్తింది. "ఇన్నేండ్లు నేను తిట్టిన తిట్లన్నీ ఎవురికి తగిలినాయి మే? వాటిని ఎట్ల ఎనక్కి తీసుకునేది నేను? అది సెప్పు ముందు."

నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నేను నాతోపాటు ఆమెను కూడా పాపంలోకి లాగానని, అది ఆమె చెప్పేదాకా నాకు తట్టనేలేదు. నా తప్పు చుట్టూ నేనే తిరిగాను తప్ప, అది ఎవరెవరి ఇళ్ళలో దూరిందో చూడలేదు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"కైకు ఏడుస్తావు? నా అంగట్లో ఏడవబాకు. ఏడ్సేది నువ్వు గాదు." గాజుల పెట్టె మూత వేసింది. "ఆ పిల్లని పాట సరిగ్గా పాడమను. మేస్త్రిని మేస్త్రి అనమను. నా పేరు మాత్రం ఎయ్యొద్దు. నీ నోట్లోనుంచి నా పేరు ఇంగోసారి రాకూడదు. పో."

అందుకే చెబుతున్నాను, ఆమె పేరు జైనబీ కాదు. ఇక్కడ నేను మార్చి రాశాను. తక్కిన పేర్లూ మార్చాను.

శిరీషకు కొంగు చరణం నేర్పాను. ఈసారి ఎవరు పేరు చెప్పారో కూడా చెప్పాను. చరణం ఫోనులో రికార్డు చేసుకుంది. వెళ్ళేటప్పుడు ఎప్పటిలా కాళ్ళకు దండం పెట్టలేదు. ఆ తర్వాత మా ఇంటికి రాలేదు. ఇప్పుడు ఎలా పాడుతున్నారో, ఎక్కడ పాడుతున్నారో నాకు చెప్పరు. చెప్పాల్సిన అవసరమూ లేదు.

పెద్దపంజాణికి పోవడానికి మాత్రం నేను చాలా రోజులు వాయిదాలు వేశాను. మోకాళ్ళ నొప్పులన్నాను. ఎండలన్నాను. గంగులమ్మే లేనప్పుడు ఎవరికి చెప్పి ఏం లాభమని కూడా అనుకున్నాను. పోయినవాళ్ళ మీదికి నెట్టడం ఎంత సులువు! చివరికి ఒక పొద్దున బస్సెక్కాను.

ఆమె ఇంటి ముందు పట్టా పరిచి చెనక్కాయలు ఆరబోస్తోంది. గంగులమ్మ పోలికే, అదే నుదురు. నేనెవరో చెప్పుకున్నాను. మీ అమ్మతో గోడౌన్లో పనిచేశానంటే ఆమె మొహం మూసుకుపోయింది. ఆ గోడౌను పేరు ఆ ఇంట్లో మంచిగా వినపడి ఉండదు. లోపలికి పోదామమ్మా, ఒక మాట చెప్పాలి అన్నాను. "ఈడే సెప్పండి" అంది.

గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె చేతిలోని చెనక్కాయలు పట్టా మీద జారవిడిచి, లేచి నిలబడింది.

"గెట్టిగా సెప్పమ్మా."

నేను కొంచెం గొంతు పెంచాను.

"ఇంగా గెట్టిగా. వీధికంతా ఇనపడాల. మా యమ్మని ఇంట్లో కూర్సోబెట్టి అన్లేదు, వీధిలో అన్నారు. నేను ఈ ఊరికి కాపురానికి వచ్చినా ఆ పేరు నా ఎనకే వచ్చింది. సాడీలదాని కూతురని మా అత్త నాకాడ ఒక్క మాట సెప్పేది గాదు. నేను వస్తే అందరూ మాటలు ఆపేస్తారు. నా కూతురు పెద్దదయినా ఇంగా ఆపేస్తారు. సెప్పు."

చెప్పాను. అరిచినట్టే చెప్పాను. గంగులమ్మ ఎవరి మీదా ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పింది నేను. నా పేరు ఇది, మా ఇంటి పేరు ఇది. నేను అబద్ధం చెప్పి ఒక పిల్లను దొంగను చేశాను. ఆ నింద గంగులమ్మ మీదికి తోసి, ఆమె వచ్చి అడిగినా నోరు విప్పలేదు.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. మోటారు సైకిలు మీద పోతున్న మనిషి ఆగాడు. కుళాయి దగ్గర నీళ్ళు పడుతున్న ఆడవాళ్ళు బిందెలు వదిలేసి వచ్చారు. ఒక ముసలావిడ కర్ర పొడుచుకుంటూ ఆలస్యంగా చేరి, ఏమంట ఏమంట అని అడిగింది.

"మళ్ళా సెప్పు" అంది గంగులమ్మ కూతురు. "ఆ యవ్వ ఇప్పుడే వచ్చింది."

మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఆ ముసలావిడ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. గంగులమ్మ కూతురు నన్ను కూర్చోమనలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు. పొమ్మని కూడా అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది.

క్షమించమని నేను అడగలేదు. అడిగే మొహం లేదు. ఆమె ఇస్తే తీసుకునే మొహం కూడా లేదు.

బస్సు కోసం నడుస్తుంటే గొంతు మండింది. అరిచి అరిచి బొంగురుపోయింది. నా మీది కోపం తగ్గలేదు, ఇది రాస్తున్నప్పుడూ తగ్గలేదు. తగ్గాలని కోరుకోవడం లేదు. ఇక్కడ నా పేరు రాయలేదు, అది రాస్తే జైనబీ, శిరీష, గంగులమ్మ కూతురు ఎవరెవరో బయటపడుతుంది. కానీ ఆ వీధిలో నా పేరు చెప్పే మాట్లాడాను. గంగులమ్మ కాదు, నేను. ఆ మాట నా గొంతులో లేదిప్పుడు. బయట ఉంది. మీ దగ్గర కూడా ఉంది.